జరగండి నుంచి జగామ దాకా

తెలుగు రాని వాళ్లకు తిరుమల నేర్పే మొదటి క్రియ 'జరగండి'. రోజుకి అరవై నుంచి ఎనభై వేల మంది గర్భగుడి ముందు ఈ మాట వింటారు. కొందరు చేతి తాకిడితో సహా వింటారు. కాంచీపురం నుంచి వచ్చిన ముసలావిడకీ, బీదర్ నుంచి వచ్చిన రైతుకీ, నాగపూర్ కుర్రాడికీ ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. అర్థం నేరుగా భుజం మీద పడుతుంది. అక్కడ నిలబడి 'జరగండి' అనే మనిషే మరు నిమిషంలో తమిళంలో 'పోంగ' అంటాడు, కన్నడంలో 'ముందె హోగి' అంటాడు, హిందీలో 'చలియే' అంటాడు. 'నువ్వు నిన్ననే వచ్చి ఉంటే లడ్డు దొరికేది' అని హిందీలో చెప్పమనండి, ఆగిపోతాడు. ఆయనకి ఆ భాషలో ఉన్నది ఒకే ఒక్క గడి: విధ్యర్థకం, మధ్యమ పురుష, బహువచనం. ఆ ఒక్క గడితోనే అంత జనాన్నీ నడిపిస్తున్నాడు.

స్వామిని లేపే క్రియ కూడా విధ్యర్థకమే. సుప్రభాతం మొదలయ్యేది వాల్మీకి బాలకాండ శ్లోకంతో. విశ్వామిత్రుడు రాముణ్ణి లేపే శ్లోకమది. అందులోని 'ఉత్తిష్ఠ' లోట్ లకారం, మధ్యమ పురుష, ఏకవచనం. 'లే' అనడమన్నమాట. ధనుర్మాసంలో సుప్రభాతం మాని తిరుప్పావై చదువుతారు. భాష తమిళమవుతుంది గానీ అక్కడా నిద్ర లేపడాలే ఎక్కువ. దేవుణ్ణి ఏకవచనంలో లేపి, భక్తుల్ని బహువచనంలో తోస్తారు. మర్యాద ఎవరికి దక్కుతున్నదో చూసుకోండి.

గడి అనే మాట ఇందాక ఊరికే వాడలేదు. జర్మనీకి చదువుకు పోవాలని తయారవుతున్న మా మేనకోడలు తన గది గోడకి పెద్ద చార్టు అంటించింది. అడ్డంగా కాలాలు, నిలువుగా పురుషలు. ఒక రూపం నోటికి వచ్చిందనుకోగానే ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో గడి నింపుతుంది. ఫోన్లో యాప్ ఒకటి ఉంది, అది శాతాల్లో లెక్క చెబుతుంది. ఆ ఇంట్లోనే సాయంకాలాలు నేను ధాతురూపావళి ముందేసుకుని సంస్కృతం చదువుతుంటాను.

"మామా, నాది ప్రెటరిటుమ్ డెబ్భై శాతం అయిపోయింది. నీదెంత దాకా వచ్చింది?"

"లఙ్ దాటినా. లిట్‌లో పడి కొట్టుకుంటా ఉండా."

"శాతం చెప్పు మామా."

శాతం ఎలా చెప్పను? సంస్కృతంలో ఒక ధాతువుకి పది లకారాలు, అంటే కాలాన్నీ అర్థాన్నీ బట్టి పది వరసల రూపాలు. లకారానికి మూడు పురుషలు, మూడు వచనాలు, వెరసి తొమ్మిది రూపాలు. అంటే ధాతువుకి తొంభై. పరస్మైపదం, ఆత్మనేపదం రెండూ ఉన్న ధాతువైతే నూట ఎనభై. ధాతుపాఠంలో ధాతువులు రమారమి రెండు వేలు. తొంభై చొప్పున వేసుకున్నా లక్షా ఎనభై వేల గళ్లు. ప్రేరణార్థకాలూ, 'చేయాలనుకుంటున్నాడు' అనే సన్నంతాలూ ఇందులో కలపనే లేదు. ఈ చార్టు అంటించడానికి మా ఇంటి గోడలు చాలవు, వీధి గోడలు కావాలి.

ఇంకో తమాషా ఉంది. ధాతువులన్నీ గాలించి 1885లో అమెరికా పండితుడు విట్నీ ఒక పుస్తకం వేశాడు. ఆ రెండు వేలలో నిజంగా సాహిత్యంలో కనిపించేవి సగం కూడా లేవని ఆయన తేల్చాడు. మిగతావి పట్టికలోనే పుట్టి పట్టికలోనే ఉన్నాయి. అలాంటి ధాతువు తొంభై రూపాలూ బట్టీ కొట్టినవాడి శాతం పెరుగుతుంది. వాడి సంస్కృతం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

రెండు చార్టులూ పక్కపక్కన పెడితే మరో తేడా కనబడింది. ఆమెది 'నేను'తో మొదలవుతుంది: ఇష్, డు, ఎర్. నాది 'అతడు'తో మొదలై 'నేను'తో ముగుస్తుంది. పాణినీయుల వరస అంతే, మన బడి వ్యాకరణాలూ అదే వరస పట్టుకున్నాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఇది తలకిందులుగా తోస్తుంది. నాకు మాత్రం ఈ వరసే సబబనిపిస్తుంది. కొత్త భాషలో మనం ముందు వినేది వాడొచ్చాడు, వీడు పోయాడు అనే మాటలే. 'నేను' అని నోరు తెరవడం ఎక్కడైనా చివరికే కదా.

నేను కొట్టుకుంటున్న లిట్ సంగతి చెప్పాలి. తెలుగులో 'పోయినాడు' అంటే పోయినాడంతే. ఈ పొద్దు పోయినా, నిన్న పోయినా, నాలుగు వందల ఏళ్ల కింద పోయినా అదే మాట. పాణిని దీన్ని మూడు ముక్కలు చేశాడు. మా పక్కింటాయన ఈ పొద్దున కొండకి పోయినాడంటే లుఙ్, 'అగమత్'. నిన్న పోయినాడంటే లఙ్, 'అగచ్ఛత్'. వందల ఏళ్ల కిందటి భక్తుడు హాథీరాం బావాజీ కొండకి పోయినాడంటే, చెప్పేవాడు కళ్లారా చూడలేదు గనక లిట్, 'జగామ'. తర్వాతి కవులు ఈ హద్దుల్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ సూత్రమైతే ఇదీ. తిరుమలలో కూర్చుని చదివేవాడికి ఈ విభజన వింతగా ఉండదు. పొద్దున దర్శనం చేసుకుని వచ్చినవాడు చెప్పే కొండ వేరు, నిన్నటి రద్దీ గురించి చెప్పే కొండ వేరు, స్థలపురాణంలోని కొండ వేరు. ముగ్గురి గొంతులూ వేరు వేరుగానే పలుకుతాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పట్టికలో లిట్‌కి కూడా ఉత్తమ పురుష గడి ఉంది. చూడని భూతకాలంలో 'నేను' ఎలా వస్తాను? నేను చేసిన పని నాకు కనబడకుండా ఎలా పోతుంది? ఈ ప్రశ్న నాకు కొత్తగా తట్టింది కాదు, ప్రాచీన వ్యాకర్తలే వేసుకున్నారు. జవాబూ వాళ్లే చెప్పుకున్నారు. నిద్రలో ఉన్నప్పుడు, మత్తులో ఉన్నప్పుడు, మనసు మరోచోట ఉన్నప్పుడు మనిషి తన పనిని తానే చూడడు. అప్పుడు ఈ రూపం వాడుకోవచ్చు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటు గోడకి చేరగిలబడి కునుకు తీసి, లేచేసరికి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే 'నేను గురక పెట్టినానంట' అంటామే, అదీ లిట్ ఉత్తమ పురుష. పాణినికి ఒక లకారమే కావాల్సొచ్చిన చోట తెలుగువాడు చివర 'అంట' తగిలించి చక్కబెట్టుకున్నాడు.

ఈ గడిని నేను నింపానని ఎప్పుడు చెప్పుకోవాలి? రూపం కంఠస్థమైన రోజా, లేక నిజంగా గురక పెట్టి, మరొక సంస్కృతం వచ్చిన మనిషితో ఆ మాట చెప్పి, ఆయన నవ్విన రోజా? నా మట్టుకు నాకు రెండోదే లెక్క. చార్టుతో నాకున్న పేచీ అంతా ఇదే. అందులో అన్ని గళ్లదీ ఒకే సైజు. రోజుకి వందసార్లు అవసరమయ్యే 'ఉంది'కీ, జన్మకోసారి వచ్చే 'గురక పెట్టినానంట'కీ ఒకటే మార్కు. పైగా ఆ మార్కు వేసుకునేది మనకి మనమే.

గౌరవం వచ్చి చేరితే చార్టు ఇంకా తికమక పడుతుంది. జర్మన్ పట్టికలో 'నువ్వు' గడి శ్రద్ధగా నింపుకుని పోయిన పిల్లకి అక్కడ ప్రొఫెసరుతో ఆ గడి పనికిరాదు. పెద్దవాళ్లతో 'జీ' అనాలి, దానికి 'వాళ్లు' గడిలోని క్రియ తగిలించాలి. సంస్కృతంలో మర్యాదగా మాట్లాడితే 'భవాన్' అంటారు, దానికి ప్రథమ పురుష క్రియ చేర్చుతారు. ఎదుటే ఉన్న మనిషిని ఎక్కడో ఉన్నవాడిలా పలకరించడం. తెలుగులో ఎదుటివాడు ఒక్కడే అయినా 'మీరు' చేసి బహువచనంలోకి తోసేస్తాం. మర్యాద ఈ మూడు భాషల్లోనూ క్రియను తన గడిలోంచి లేపి పక్క గడిలో కూర్చోబెడుతుంది. ఏ పెద్దమనిషిని ఏ గడిలో పెట్టాలో చార్టు చెప్పదు. తెలుగు నేర్చుకున్న బయటివాళ్లు 'నువ్వు వచ్చావు' అనే గడిని ముందుగా నింపుకుని, మా వీధిలో పెద్దాయనని పట్టుకుని 'నువ్వు ఎట్లుండావు' అంటే ఆ పెద్దాయన ముఖం చూడాలి. వ్యాకరణంలో తప్పేమీ లేదు మరి.

ఇలా కొన్ని గళ్లని బాహాటంగా వదిలేసి నేర్పేవాళ్లు కూడా ఉన్నారు. 1981లో బెంగళూరులో మొదలైన సంస్కృత భారతి నడిపే పది రోజుల సంభాషణ శిబిరాల్లో ద్వివచనం జోలికి పోరు. భూతకాలానికి లకారాల బదులు 'గతవాన్', 'గతవతీ' అని ఒక్క ప్రత్యయంతో సరిపెడతారు. 'భవాన్', 'భవతీ' అంటూ మధ్యమ పురుషని దాటిపోతారు. తొంభైలో కొద్ది గళ్లే తాకి మనిషిని మాట్లాడించేస్తారు. సంప్రదాయ పండితులు దీన్ని చూసి ముక్కు విరుస్తారు, లకారాల సొగసంతా పోయిందంటారు. వాళ్ల బాధ నిజమే. కానీ తొంభై గళ్లూ తెలిసి కాఫీ అడగలేనివాళ్లని నేను ఎరుగుదును. జర్మన్లు కూడా ఇంతే చేస్తారట. వాళ్ల దక్షిణాదిన, ఆస్ట్రియాలో మాటల్లో ప్రెటరిటుమ్ అనే భూతకాలం దాదాపు వాడరు, 'హాబె' అనో 'బిన్' అనో చేర్చి పెర్ఫెక్ట్‌తో సరిపెట్టేస్తారు. మా మేనకోడలు డెబ్భై శాతం నింపిన గళ్లు ఎక్కువగా పుస్తకాల్లోనే ఉంటాయి. ఈ సంగతి విని రెండు రోజులు అలిగింది.

తిరుపతిలో సంస్కృతం పుస్తకంలోంచి బజారులోకి దిగే చోటు ఒకటి ఉంది. 1961లో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠంగా పుట్టి, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా మారిన సంస్థకి ఒడిశా నుంచీ, బెంగాల్ నుంచీ, కేరళ నుంచీ పిల్లలు వస్తారు. వచ్చిన కొత్తలో ఒకరి భాష ఒకరికి రాదు. సాయంత్రం టీ బంకు దగ్గర నిలబడితే వినబడుతుంది. "భవాన్ చాయం పిబతు" అని ఒకడు గ్లాసు అందిస్తాడు. ధాతువు 'పా', నోటికొచ్చే రూపం 'పిబ'. పట్టికలో దీన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి, గ్లాసు చేతిలో ఉంటే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆ బంకాయన పిల్లల్ని చూసి చూసి "పిబతు పిబతు" అంటూనే చిల్లర తిరిగిస్తాడు. కొండమీద 'చలియే' లాగే కింద 'పిబతు'. ఈయనకీ ఒక్క గడే వచ్చు, అదీ విధ్యర్థకమే. టీ అమ్ముడుపోతోంది.

మన భాషనే బయటివాళ్లు నేర్చుకున్నప్పుడు ఏం జరిగిందో చూస్తే ఈ గళ్ల సంగతి ఇంకా తేటపడుతుంది. కుంఫిణీ ఉద్యోగులకి దేశభాషలు నేర్పడానికి మద్రాసులో 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టారు. పరీక్ష నెగ్గితేనే జిల్లా ఉద్యోగం. 1816కే క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వచ్చేసింది. ఆ మరుసటేడు దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకుని, 1820లో కడపకి వచ్చాడు. పండితులు పద్యాల తెలుగు నేర్పుతున్నారు గానీ జనం మాట్లాడే తెలుగు నేర్పడం లేదన్నది ఆయన ఫిర్యాదు. తర్వాత 1840లో తనే ఒక వ్యాకరణం వేశాడు. పరీక్షకి నింపుకున్న గళ్లు వేరు, కడప కచేరీలో రైతు వచ్చి 'దొరా, వాడు మా చేని గట్టు దున్నేస్తా ఉండాడు' అంటే వినబడే గళ్లు వేరు.

ఆ తేడా ఇప్పటికీ ఉంది. తెలుగు నేర్పే ఏ పుస్తకం తెరిచినా వర్తమానం 'వస్తున్నాడు'. 1911 దాకా ఉత్తర ఆర్కాటులో ఉన్న మా చిత్తూరు సీమలో 'వస్తా ఉండాడు', ఇంకొంచెం తొందరలో ఉంటే 'వస్తాండాడు'. పుస్తకం పట్టుకుని వచ్చినవాణ్ణి ఆటోవాడు 'యాడికి పోతా ఉండారు సార్' అంటే, వాడి చార్టులో అలాంటి గడే ఉండదు. వాడికి ఇంకో గండమూ ఉంది. తెలుగులో అబ్బాయి వస్తే 'వచ్చాడు', అమ్మాయి వచ్చినా ఆవు వచ్చినా 'వచ్చింది'. అమ్మాయిలు ఇద్దరైతే ఆవుల జట్టు వదిలి 'వచ్చారు' అంటూ మగవాళ్లలో చేరిపోతారు. ఇక 'రాను, రావు, రాడు, రాదు' ఉన్నాయి. 'కాదు' అనే మాట విడిగా చేర్చకుండా క్రియనే నిరాకరణ చేసేసే ఈ వరస చూసి బయటివాళ్లు తెల్లబోతారు. మనకేమో ఇవి అన్నం తిన్నంత సులువు. ఏ గడి ఎప్పుడు నింపుకున్నామో కూడా మనకి గుర్తుండదు, ఎందుకంటే అప్పుడు మన ముందు చార్టు లేదు, అమ్మ ఉంది.

చార్టు కన్నా ముందు మన దగ్గర ఒక కొలత ఉండేది: అప్పజెప్పడం. శబ్దాలైనా, ఎక్కాలైనా, అమరమైనా దీపాలవేళకి తండ్రి ముందో తాత ముందో నిలబడి అప్పజెప్పాలి. తిరుమల ధర్మగిరి వేదపాఠశాలలో ఇప్పటికీ అంతే. కృష్ణ యజుర్వేదం మొత్తం ఎనభై రెండు పన్నాలు, అంటే అధ్యాయాలు. సంహిత నలభై నాలుగు, బ్రాహ్మణం ఇరవై ఎనిమిది, ఆరణ్యకం పది. 'ఎన్ని పన్నాలు అయినాయి?' అంటే పుస్తకం మూసి గురువు ముందు స్వరం తప్పకుండా చెప్పినవి ఎన్ని అని. తనంతట తాను 'అయింది' అనుకున్నది ఒక్కటీ లెక్కలోకి రాదు. అది మంత్రం, అక్షరం కదలకూడదు. మాట అలా కాదు, కదిలితేనే మాట. అందుకని ఆ పద్ధతిని ఎత్తుకొచ్చి భాషకి తగిలించమనడం లేదు. అందులో ఒక్కటే నాకు కావాలి, ఎదురుగా వినే మనిషి. మన ప్రగతికి మార్కు వేసేది ఆ మనిషి, స్కెచ్ పెన్ను కాదు.

అందుకని నేనొక నోటుపుస్తకం పెట్టాను. క్రియారూపం ఒకవైపు, దాన్ని నిజంగా ఎవరితో అన్నానో రెండోవైపు. 'పిబతు' ఎదురుగా టీ బంకు. 'గతవాన్' ఎదురుగా మా సంస్కృతం క్లాసులో చదువుకునే ఒక పోస్టాఫీసు ఉద్యోగి, ఆయన నిన్న శ్రీకాళహస్తికి పోయొచ్చానంటే. 'జానామి' కన్నా 'న జానామి' ఎదురుగానే జనం ఎక్కువ. లిట్ ఉత్తమ పురుష ఎదురుగా ఎవరూ లేరు. మొత్తం మీద ఈ పుస్తకం పలచనే. శాతం చెబితే నవ్వుతారు. కానీ ఇందులో ఉన్న రూపం ఒక్కటీ మళ్లీ మర్చిపోలేదు, ఎందుకంటే క్రియ తలచుకుంటే మనిషి గుర్తొస్తాడు. మేనకోడలు మొదట ఇది ముసలాళ్ల పద్ధతి అంది. తర్వాత చూస్తే తన చార్టులో ఆకుపచ్చ గళ్ల మీద సన్నని అక్షరాలు వెలిశాయి. 'హాబె గెగెస్సెన్' మీద 'మ్యూనిక్ అక్క, వీడియో కాల్, ఉప్మా' అని ఉంది. భోంచేశావా అని అడిగిన సీనియరుకి చెప్పిన జవాబు కాబోలు. యాప్ దీన్ని లెక్కలో వేసుకోదు.

ఇందులో చిక్కు ఒకటుంది. రెండోవైపు పేరు రాసుకోవాలంటే రెండోవైపు మనిషి దొరకాలి. తెలుగు నేర్చుకునేవాళ్లకి తిరుపతిలో ఆ మనిషి దొరకడం కష్టం. ఎందుకంటే మనం మరీ మంచివాళ్లం. శ్రీవారి సేవకి తమిళనాడు నుంచో కర్ణాటక నుంచో వచ్చిన ఒకావిడ కూడబలుక్కుని 'నేను నిన్న వచ్చాడు' అనగానే మనం తటాలున తమిళంలోకో ఇంగ్లీషులోకో దూకేస్తాం. సాయం చేశామనే అనుకుంటాం. ఆవిడ నోటుపుస్తకంలో అప్పుడే ఒక గడి నిండబోయి ఆగిపోయింది. నాలుగు భాషలు వచ్చిన ఊరి దురలవాటు ఇది, నాకూ ఉంది. తెలుగు ఒక్కటే వచ్చిన పల్లెటూరి అవ్వ ఇంతకన్నా మంచి గురువు, ఆమెకి దూకడానికి ఇంకో భాష లేదు. ఇంకోసారి కొండమీద ఎవరైనా తప్పు ప్రత్యయంతో తెలుగు మొదలుపెడితే వాళ్ల భాషలోకి మారకండి. నవ్వకండి, పాఠమూ చెప్పకండి. "అట్లనా, నిన్ననే వచ్చినారా? దర్శనం ఎప్పుడయింది?" అని నిదానంగా తెలుగులోనే అడగండి. జవాబు వచ్చేదాకా కాస్త ఆగండి.